టి.నగర్‌లో ఒక్కరోజు: పట్టు పొద్దున్నే, రంగనాథన్ వీధి ఆఖర్న

ప్రశ్న: మాది నెల్లూరు. శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. నేనూ, మా ఆడపడుచూ, 70 ఏళ్ల మా అత్తగారూ కలిసి చెన్నై వచ్చి, టి.నగర్‌లో ఒక్కరోజులో బజారు ముగించుకుని రాత్రి బండికి తిరిగి వెళ్లాలని ఉంది. మూడు కంచిపట్టు చీరలు, మూడు సవర్ల గొలుసు, సారెకు కొన్ని గిన్నెలు, తాంబూలం సంచులు కొనాలి. సెంట్రల్లో దిగి లోకల్ రైల్లో మాంబళం వెళ్లి, రంగనాథన్ వీధిలో చిల్లర సామాన్లతో మొదలుపెట్టి, సాయంత్రం తీరిగ్గా చీరలు చూద్దామనుకున్నాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "మీరేం కొనుక్కుంటారో కొనుక్కోండి, నాకు మంచి కాఫీ, కూర్చోడానికింత చోటు చాలు" అంటున్నారు. ఎక్కడ తినాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏది ఏం చూసి కొనాలి?

సమాధానం: ఒక్కరోజులో అవుతుంది. కాకపోతే మీరు వేసుకున్న వరసను పూర్తిగా తిరగేయాలి. చీరలు పొద్దున్నే. గిన్నెలు సాయంత్రం. రంగనాథన్ వీధి అన్నిటికన్నా ఆఖర్న, అదీ అత్తగారు లేకుండా. పట్టు రంగు తేలేది పగటి వెలుతురులో, ధర తేలేది అలసిపోని బుర్రతో. సాయంత్రం ఆరింటికి టి.నగర్‌లో ఈ రెండూ దొరకవు. ఇక ఇత్తడి బిందె పొద్దున్నే కొన్నారంటే రోజంతా దాన్ని మోయాల్సింది మీరే.

ముందు పేట నక్షా మనసులో పెట్టుకోండి. నడిబొడ్డున పానగల్ పార్కు. పేరున్న పట్టుకొట్లు నల్లి, కుమరన్, పోతీస్, ఆర్.ఎం.కె.వి. అన్నీ ఆ చుట్టుపక్కలే. పార్కు నుంచి తూర్పుగా మౌంట్ రోడ్డు దాకా పోయేది త్యాగరాయ రోడ్డు, జనం నోట పాండీ బజారు. జి.ఎన్.చెట్టి రోడ్డు కూడా పార్కు దగ్గరే మొదలవుతుంది. వెంకటనారాయణ రోడ్డు నందనం వైపు దిగుతుంది. ఉస్మాన్ రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. దక్షిణ ఉస్మాన్ రోడ్డు మీంచి మాంబళం స్టేషన్ వైపు చీలే ఇరుకు సందు రంగనాథన్ వీధి. మీ అత్తగారి రోజంతా పార్కు చుట్టుపక్కలే గడిచిపోయేలా చూడాలి. స్టేషన్ వైపు ఆవిడతో పనిలేదు.

ఈ పేర్లలో పెద్దవి రెండూ మన తెలుగువాళ్లవేనని అత్తగారికి చెప్పండి. టి.నగర్ అంటే త్యాగరాయ నగర్, పేటకు ఆ పేరు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిది. పార్కు పేరు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా రామరాయనింగారిది. ఆయన పుట్టింది మీ పక్కనే, కాళహస్తిలో. 1920ల్లో మాంబళం వైపు పెద్ద చెరువును ఎండగట్టి ఈ పేటను వేశారు. అందుకే అక్టోబరు, నవంబరు వానల్లో ఇక్కడ నీళ్లు నిలుస్తాయి, పడమటి మాంబళానికి పోయే దురైసామి సబ్‌వే మూసుకుపోతుంది. ఎవరైనా దీపావళి ముందు బజారుకని బయల్దేరుతుంటే ఈ మాట చెవిన వేయండి. మీ నెలల్లో ఆ భయం లేదు.

మీ నెలల సంగతి వేరు. మన ఆషాఢం చాంద్రమానం, తమిళుల ఆడి సౌరమానం. ఆడి ఏటా సుమారు జులై 17న మొదలై ఆగస్టు 16 దాకా ఉంటుంది. మనకు ముహూర్తాలున్న శ్రావణం చాలా ఏళ్లు దీనితోనే కలిసి నడుస్తుంది. ఆడిలో తమిళులు పెళ్లిళ్లు చేయరు కాబట్టి బట్టల కొట్లు తగ్గింపులు పెడతాయి. దాన్ని చూసి మురిసిపోకండి. తగ్గింపు బోర్డు గుమ్మం మీద ఉంటుంది గానీ, లోపల అది ఏ అంతస్తుకు, ఏ రకానికి వర్తిస్తుందో వేరేగా ఉంటుంది. చీర విప్పించక ముందే "దీని మీద కూడా ఉందా?" అని అడిగేయండి. పైగా ఆడి తగ్గింపు కోసం ఆగితే జాకెట్లు కుట్టించడానికి గడువు మిగలదు. మగ్గం పని చేయించాలంటే దర్జీకి కనీసం మూడు వారాలివ్వాలి. ముహూర్తానికి నెలా పదిహేను రోజుల ముందు, మంగళ, బుధ, గురువారాల్లో ఒకరోజు చూసుకుని రండి. శనాదివారాలు వద్దే వద్దు.

సెంట్రల్లో దిగాక లోకల్ రైలు మీ ఇద్దరికీ పర్వాలేదు. పార్క్ స్టేషన్లో తాంబరం వైపు బండెక్కితే ఎగ్మూరు, చేట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం తర్వాత మాంబళం. కానీ అత్తగారికి ఆ మెట్లు, ఆ తోపులాట ఎందుకు? సెంట్రల్ కిందే మెట్రో ఉంది, లిఫ్టులున్నాయి. విమానాశ్రయం వైపు పోయే నీలం లైను ఎక్కి ఆరో స్టేషన్ నందనంలో దిగండి. సెంట్రల్ నుంచి పచ్చ లైను కూడా బయల్దేరుతుంది, అది కోయంబేడు మీదుగా వేరే దారిన పోతుంది. ఎక్కే ముందు "నందనం పోతుందా?" అని ఒక్క మాట అడిగితే చాలు. నందనం నుంచి పానగల్ పార్కుకు ఆటోలో వెంకటనారాయణ రోడ్డు మీదుగా పది నిమిషాలు. దారిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడి వస్తుంది. పెళ్లి బజారు ముందు శ్రీవారి దర్శనం కావాలంటే అప్పుడే దిగండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా చెన్నైలో చాలా గుళ్ల తలుపులు మూసే ఉంటాయి.

పట్టుకొట్లు తెరిచేది తొమ్మిదిన్నర, పది మధ్య. దానికి ముందు టిఫిన్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు పొంగల్. నెయ్యి, మిరియాలు, జీడిపప్పుతో చెన్నై వెన్‌పొంగల్ చాలా బాగుంటుంది, కాదనను. తిన్న గంటకు కళ్లు మూతలు పడతాయి. రూ.30 వేల చీర ముందు ఆవలించే కొనుగోలుదారంటే సేల్స్‌మన్‌కు పండగ. ఇడ్లీ, వడతో సరిపెట్టుకోండి. జి.ఎన్.చెట్టి రోడ్డులో మురుగన్ ఇడ్లీ షాప్ మధురై నుంచి వచ్చిన కొట్టు. అరిటాకు మీద మెత్తటి ఇడ్లీ, రకరకాల చట్నీలు, అడిగితే పొడి, నువ్వుల నూనె. ఇడ్లీ గట్టిగా, రవ్వరవ్వగా ఉండాలనే నెల్లూరు నాలుకకు ఇది మరీ దూదిలా అనిపించవచ్చు. సాంబారులో మన పప్పుచారు రుచి వెతక్కండి, కాస్త తీపి తగులుతుంది.

ఇప్పుడు అసలు పని. మూడు చీరలకు రెండున్నర గంటలు కేటాయించండి. రెండు కొట్లు, అంతకుమించి వద్దు. మూడో కొట్లో అడుగుపెట్టేసరికి మొదటి కొట్లో చూసిన రంగు మీకే గుర్తుండదు.

కౌంటర్ దగ్గర కూర్చోగానే ఒకే వాక్యంలో చెప్పండి: ధర ఇంత, రంగు ఇది, అంచు ఇన్ని అంగుళాలు, ఒంట్లో బుట్టాలు కావాలా వద్దా. "మంచివి చూపించండి" అంటే ముందు మీ అంచనాకు ఒకటిన్నర రెట్లున్నవి పరుస్తారు. అరవై చీరలు గుట్ట పడ్డాక మీకు మొహమాటం మొదలవుతుంది. ఆ గుట్ట చూసి కొనాల్సిన పనిలేదు, మడత పెట్టడం వాళ్లకు రోజూ ఉండేదే. నచ్చినవి పక్కన మూడు మాత్రమే ఉంచండి. నాలుగోది చేరితే ఒకటి తీసేయండి.

రంగు. దీపాల కింద మెరూన్ రాణీరంగులా, వంకాయరంగు నీలంలా కనిపిస్తుంది. అరటాకు పచ్చ మరీ మోసం చేస్తుంది. నచ్చిన చీరను గుమ్మం దగ్గరికో, కిటికీ దగ్గరికో తీసుకెళ్లి చూపించమనండి. ఏ మంచి కొట్టువాడూ కాదనడు. ఫోన్ ఫొటో చూసి పెళ్లికూతురు ఇంట్లోంచి సరే అంటే దాన్ని సగం సరే కిందే లెక్కేసుకోండి. రెండు రంగుల పోగులు కలిపి నేసిన చీరను నిటారుగా పట్టుకుని ఒకసారి, పరిచి ఒకసారి చూడండి. పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డపోగు) ఒక రంగు కావడంతో మడతల్లో వేరే రంగు తేలుతుంది.

సిల్క్ మార్క్. చీరకు వేలాడే ఆ చీటీ చెప్పేది ఒక్కటే, అది అసలు పట్టు అని. జరీలో వెండి ఎంతో అది చెప్పదు. చేమగ్గమో మరమగ్గమో కూడా చెప్పదు, చేనేతకు గుర్తు వేరే ఉంది. ఈ తేడా తెలియక "సిల్క్ మార్క్ ఉంది కదా" అని మరమగ్గం చీరకు చేమగ్గం ధర ఇచ్చి వస్తారు. కాబట్టి మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: పట్టు అసలేనా, జరీ ఏ రకం, మగ్గం ఏది?

జరీ గురించి కాస్త ఆగి చెప్పాలి, చీర ధరలో పెద్ద తేడా తెచ్చేది ఇదే. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. దాని కింద వరసలో హాఫ్ ఫైన్, టెస్టెడ్ అని రకాలుంటాయి. టెస్టెడ్ అనే మాట వినగానే పరీక్ష చేసినది అనుకోకండి, అది రాగి తీగతో చేసిన చౌక జరీకి బజారు పేరు. అసలు జరీ కాస్త మెత్తటి, పాత బంగారు రంగులో ఉంటుంది. మరీ పచ్చగా, కంటికి కొట్టేలా మెరిస్తే అనుమానించాలి. చీర చివర వేలాడే పోగొకటి తీసి గోటితో గీస్తే లోపల ఎర్రటి దారం కనిపించాలంటారు. నిజమే, కానీ రాగి జరీకి కూడా ఎర్రదారం వాడేవాళ్లున్నారు. కాబట్టి ఆ పరీక్షలో తెల్లటి పాలియెస్టర్ పోగు కనిపిస్తే చీర పక్కన పెట్టేయండి, ఎర్రది కనిపిస్తే ఇంకా తేలలేదనుకోండి. జరీలో లోహాలను కొలిచే యంత్రం ఉన్న కొట్లు ఉన్నాయి, ఉందేమో అడగండి. లేకపోతే జరీ రకం బిల్లు మీద రాయించండి. "ప్యూర్ జరీ" అని నోటితో పదిసార్లు చెప్పినవాడు కాగితం మీద రాయడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే.

చేమగ్గం గుర్తుకు చీర రెండు అంచుల కొసలు వేళ్ల మధ్య పట్టి చూడండి. నేసేటప్పుడు బట్టను వెడల్పుగా సాగదీసి పట్టే కర్రకు సూదులుంటాయి. వాటి గుర్తులు అంచు పొడవునా సన్నటి చుక్కల్లా కనిపిస్తాయి. ఒంటిది ఒక రంగు, అంచుది ఇంకో రంగు అయితే తిరగేసి చూడండి. కొర్వై నేతలో ఒంటి పోగులు, అంచు పోగులు ఒకదానికొకటి మెలేసుకుని ఉంటాయి. దీనికి మూడు నాడెలు, మగ్గం మీద ఇద్దరు మనుషులు కావాలి. ధర అక్కడ పెరుగుతుంది. కొంగు కూడా వేరే రంగైతే కలిసే చోట వేలు పెట్టి తడమండి, సన్నటి గట్టులా తగులుతుంది. అక్కడ పాత పడుగుకు కొత్త పడుగు ముడేస్తారు, పేట్ని అంటారు.

బరువు ఎవరూ అడగరు, అడగాలి. నిండా జరీ ఉన్న చీర కిలో దాకా తూగుతుంది. మధుపర్కాలు మార్చుకునే దాకా అమ్మాయి దాన్ని కట్టుకుని పీటల మీద కూర్చోవాలి. తలంబ్రాల చీర ముప్పావు కిలో లోపల ఉండేలా చూసుకుని, భారీదేదో రిసెప్షన్‌కు పెట్టుకోవడం మంచిది. పొడవు కూడా కొలిపించండి: చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి సుమారు 6.3 మీటర్లు ఉండాలి. మధుపర్కాలు మాత్రం ఇక్కడ వెతకొద్దు. "కూరై పుడవై" అని వాళ్లు చూపించేది తమిళుల పెళ్లిచీర, వేరే సంప్రదాయం. తెల్లబట్టకు ఎర్రంచు మీ ఊళ్లోనే తేలిగ్గా దొరుకుతుంది.

ఫాల్, పీకో పని కూడా ఇక్కడ పెట్టుకోకండి. పాండీ బజారులో గంటలో కుట్టిస్తామంటారు, కుడతారు కూడా. గంటలో కుట్టే ఫాల్‌ను ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరేసే తీరిక ఎవరికి? నూలు ఫాల్ మొదటి తడికే ముడుచుకుంటుంది. పట్టు ముడుచుకోదు, దాంతో అంచు అలలు అలలుగా లేస్తుంది. ఫాల్ బట్ట మాత్రం రంగు కలిపి ఇక్కడే కొనుక్కోండి. ఇంటికెళ్లాక రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, చేత్తో కుట్టించండి. జాకెట్టు లైనింగ్‌కూ ఇదే మాట.

చీరలు చూసే రెండున్నర గంటలూ అత్తగారు కొట్లోనే కూర్చోవచ్చు. పెద్ద కొట్లలో కుర్చీలు, లిఫ్టు, మరుగుదొడ్డి ఉంటాయి. మీరు వెళ్లగానే మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉందో కనుక్కోండి. ఈ పేటలో ఆడవాళ్లకు బయట ఆ సౌకర్యం వెతుక్కోవడం పెద్ద తలనొప్పి.

పన్నెండింటికల్లా చీరలు ముగించి భోజనానికి లేవండి. ఒంటిగంట దాటితే శరవణ భవన్, సంగీత లాంటి చోట్ల తినేవాళ్ల కుర్చీ వెనకాలే నిలబడి కాపలా కాయాలి. ఏసీ హాలుకు ధర కాస్త ఎక్కువ, మీకు అదే మేలు. తమిళ భోజనం వరస మనది కాదు. మన పప్పు, పచ్చడి ముద్ద ఉండదు. సాంబారుతో మొదలై వత్తకొళంబు, రసం, చివర మజ్జిగ. పక్కన కూటు, పొరియల్. ముందు పప్పుపొడి, నెయ్యి కావాలంటే అడిగి వేయించుకోండి, పరుప్పు పొడి అంటారు. వత్తకొళంబు మన పులుసులా ఉంటుంది కాబట్టి అత్తగారికి అదే నచ్చుతుందని నా పందెం. గోంగూర, వేపుడు లేకుండా ముద్ద దిగదంటే ఆంధ్రా మెస్సులు ఉన్నాయి గానీ, వాటిలో మధ్యాహ్నం కూర్చునే చోటు ఇరుకు, కారం ఘాటు. మీ రోజుకు అవి సరిపడవు.

ఇక ఆవిడ అడిగిన కాఫీ, చోటు. రెండూ ఒకేచోట కావాలంటే టిఫిన్ హోటలు కుదరదు, కప్పు కింద పెట్టగానే లేవమన్నట్టు బిల్లు వస్తుంది. జి.ఎన్.చెట్టి రోడ్డులో రెసిడెన్సీ, అకార్డ్ మెట్రోపాలిటన్, త్యాగరాయ రోడ్డులో జి.ఆర్.టి. గ్రాండ్ లాంటి పెద్ద హోటళ్లున్నాయి. వాటి కాఫీ షాపులో ఒక కాఫీకి బయట ధరకు చాలా రెట్లు పడుతుంది. మీరు కొనేది కాఫీ కాదు. ఏసీలో గంటన్నర సోఫా, శుభ్రమైన మరుగుదొడ్డి, మోకాళ్లు చాపుకునే వీలు. ఆ లెక్కన చవకే. ఆడపడుచును ఆవిడ దగ్గర వదిలి, చీరల సంచులు వాళ్లకే అప్పగించి, మీరు గొలుసు పని చూసుకోండి.

రుచికి మాత్రం మామూలు టిఫిన్ హోటల్ కాఫీయే మేలు. డబరా, గ్లాసుతో వస్తుంది, చక్కెర అడుగున వేసేసి ఉంటుంది. "సక్కరై కమ్మి" అంటే తక్కువ వేస్తారు, వేరేగా కావాలంటే ముందే చెప్పాలి. చిక్కగా కావాలంటే "స్ట్రాంగ్" అంటే చాలు. ఎండకు పన్నీర్ సోడా తాగితే హాయిగా ఉంటుంది. అందులో పన్నీరు ముక్కలుండవు, గులాబీ నీళ్ల పన్నీరు అది.

గొలుసు సంగతి క్లుప్తంగా. హాల్‌మార్క్‌లో మూడు గుర్తులుండాలి: ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. ముద్ర, స్వచ్ఛత చెప్పే 22కె916, ఒక్కో నగకూ వేరుగా ఉండే ఆరక్షరాల గుర్తింపు సంఖ్య హెచ్.యు.ఐ.డి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరక్షరాలు లేకుండా అమ్మకూడదు. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో అక్కడికక్కడే కొట్టి చూడండి. చెన్నైలో మజూరీని సేయ్‌కూలి, తరుగును సేదారం అంటారు. కొట్టుకీ కొట్టుకీ గ్రాము ధరలో తేడా పెద్దగా ఉండదు, తేడా అంతా సేదారంలోనే. మూడు సవర్లంటే 24 గ్రాములు. 12 శాతమైతే 2.88 గ్రాములు, 18 శాతమైతే 4.32 గ్రాములు. అంటే 1.44 గ్రాముల బంగారం ఖరీదు ఊరికే పోతుంది. రేపు అమ్మితే తరుగు తిరిగి రాదు. బేరం అక్కడే ఆడండి. పుస్తెలు కూడా చూడాలనుకుంటే "తెలుగు తాళి" అని అడగండి, నమూనాలు విడిగా తీస్తారు.

నాలుగింటికి అందరూ పాండీ బజారులో కలుసుకోండి. 2019లో ఇక్కడ కాలిబాటలు వెడల్పు చేసి బల్లలు వేశారు. టి.నగర్‌లో డబ్బు పెట్టకుండా కూర్చోగలిగేది ముఖ్యంగా ఇక్కడే. పానగల్ పార్కు మీద ఆశ పెట్టుకోకండి, నాలుగో కారిడార్ మెట్రో పనులు దాన్ని తవ్వేశాయి, చుట్టూ దారులు కూడా మారుతూ ఉంటాయి. వెంకటనారాయణ రోడ్డులో నటేశన్ పార్కు నీడగా ఉంటుంది. అత్తగారికి ఇంకో సరదా: ఉత్తర ఉస్మాన్ రోడ్డు పక్కనే బజుల్లా రోడ్డు. ఎన్టీఆర్ ఇల్లు ఆ రోడ్డులోనే ఉండేది, తిరుపతి యాత్రికులు బస్సులు కట్టుకుని ఆయన్ను చూడ్డానికి వచ్చేవాళ్లు. ఆవిడ తరం వాళ్లకు ఆ రోడ్డు పేరు చెబితే ఆటోలో ఓ చుట్టు వేయించమంటారు, వేయించండి.

గిన్నెలు ఇప్పుడు. స్టీలుకు అయస్కాంతం పరీక్ష చాలామంది చేస్తారు, దానితో సగమే తెలుస్తుంది. అంటుకుంటే చౌక 430 రకం కావచ్చు. అంటుకోకపోతే మంచిదని కాదు, 304 అంటుకోదు, దాని కింది 202 కూడా అంటుకోదు. అడుగున చెక్కిన అంకె చూడాలి. ఇత్తడి కిలో లెక్కన తూస్తారు, తూకం మీ కళ్ల ముందే వేయించండి. వంటకు వాడే ఇత్తడికి లోపల కళాయి ఉండాలి, లేకపోతే చింతపండు పులుపుకు చిలుం పట్టి చారు కనరెక్కుతుంది. పూజకు, సారెలో వరసకు అయితే కళాయి అక్కర్లేదు.

చెన్నై వచ్చి కొనదగ్గ వస్తువు ఒకటుంది, ఈయచ్చొంబు. చారు కాచే చెంబు. అది తగరంతో చేసింది. తమిళంలో ఈయం అనే మాట తగరానికీ సీసానికీ రెండింటికీ ఉంది కాబట్టి జాగ్రత్త, సీసం విషం. పెద్ద కొట్లోనే కొని బిల్లు మీద తగరం అని రాయించండి. ఒకే సైజు చెంబులు రెండు చేతుల్లో పట్టుకున్నప్పుడు ఒకటి అసాధారణంగా బరువుంటే వదిలేయండి, సీసం తగరం కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. ఇంట్లో వాడకానికి ఒకే ఒక్క నియమం: ఖాళీ చెంబును పొయ్యి మీద పెట్టకూడదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ముందు చింతపండు నీళ్లు పోసి, ఆ తర్వాత సన్న సెగ వెలిగించాలి. చారు పొంగు రాగానే దించేయాలి. తాళింపు అందులో వేయించకూడదు, వేరే గరిటెలో వేయించి పోయాలి. కొత్త కోడలికి సారెలో ఇచ్చి ఈ మాట చెప్పకపోతే మొదటి వారంలోనే చెంబు అడుగు ఊడి పొయ్యి మీద ముద్దయిపోతుంది.

రంగనాథన్ వీధికి ఐదింటికి మీరొక్కరే వెళ్లండి. అత్తగారు హోటల్లోనో, బల్ల మీదో ఆడపడుచు తోడుతో ఉండాలి. సంచీ ముందువైపు, మెళ్లో గొలుసు కొంగు కింద, కొత్తగా కొన్నదేదీ వెంట లేకుండా. అక్కడ తాంబూలం సంచులు, లంగాలు, పిన్నులు, గాజులు, జేబురుమాళ్లు చౌక. సంచులు డజను లెక్కన చెబుతారు. మీకు 300 కావాలంటే మొత్తం సంఖ్య చెప్పి ధర అడగండి, ఆ తర్వాత ఒక కట్ట మధ్యలోంచి రెండు లాగి కొబ్బరికాయ బరువు ఆగుతుందో లేదో పిడి పట్టుకుని గుంజి చూడండి. పైన పెట్టినవి గట్టివి, లోపలివి పల్చనివి అయ్యే అవకాశం ఉంది. వీధంతా తిరగాలన్న పట్టుదల వద్దు, ముప్పావు గంటలో బయటపడండి. స్టేషన్ వైపు తేలితే 2023లో తెరిచిన ఆకాశ నడకదారి ఉంది, సుమారు 570 మీటర్లు. కింది గుంపులో పడకుండా దాని మీంచి బస్టాండు వైపు వచ్చేయొచ్చు.

కాఫీపొడి కొనాలంటే అట్ట మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని అచ్చయి ఉంటుంది, అది తప్పనిసరి. 85:15 మీకు సరిపోతుంది. అక్కడే మరపట్టించేటప్పుడు "ఫిల్టర్‌కి" అని చెప్పండి. మరీ మెత్తగా పడితే ఫిల్టర్ చిల్లులు పూడిపోయి డికాక్షన్ దిగదు.

తిరుగు ప్రయాణానికి సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య మాంబళంలో లోకల్ ఎక్కే సాహసం చేయకండి. గిన్నెల అట్టపెట్టెతో మెట్రో కూడా ఇబ్బందే. ముగ్గురూ సామానుతో సహా పాండీ బజారు తూర్పు కొసన, మౌంట్ రోడ్డు దగ్గర కారు మాట్లాడుకుంటే పానగల్ పార్కు చిక్కుముడి తప్పుతుంది. బండికి గంటన్నర ముందు బయల్దేరండి. రైల్లో గిన్నెల పెట్టె సీటు కింద, పట్టు సంచీ అత్తగారి ఒళ్లో.